నురగ కప్ప కోన

మొన్న ఇద్దరు కాలేజీ పిల్లలు మా ఇంటికొచ్చారు. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. బూట్ల నిండా బురద, వీపుల మీద సంచులు. మా మనవడికి తెలిసినవాళ్ళట. కొండల్లో కప్పల్ని వెతుక్కుంటూ తిరగడమే వాళ్ళ చదువట. ఇదేం చదువురా దేవుడా అని నేను లోపల నవ్వుకుంటుంటే, ఆ అమ్మాయి నా పక్కన చాప మీద కూర్చుని ఫోనులో ఒక బొమ్మ చూపించింది.

"అవ్వా, మీ పుట్టినూరు ఆత్మకూరు పక్కనంట గదా. ఇట్లాంటి కప్పను చిన్నప్పుడు మీరు యాడన్నా చూసినారా?"

కళ్ళద్దాలు సర్దుకుని చూశాను. బొటనవేలంత కప్ప. ఆకును కరుచుకుని కూర్చుంది. పసుప్పచ్చని కళ్ళు. ఈ రకం చెట్టుకప్ప నల్లమలలో ఒకటి రెండు కోనల్లో తప్ప ఇంకెక్కడా ఉండదట. మా ఊరి కోనలో కూడా ఉండేదని ఎవరో ముసలాయన చెబితే, మూడు వానాకాలాలు అక్కడే తిరిగారట. ఒక్కటీ కనపడలేదట.

"ఎప్పటినుంచి ల్యాకుండా పోయినాయవ్వా?" అన్నాడు అబ్బాయి.

"ఏమో నాయనా, నీళ్ళు తగ్గినాక పోయినాయేమో" అన్నాను. మజ్జిగ ఇచ్చి పంపేశాను. ఇంత వయసొచ్చి, మనవల వయసు పిల్లల ముందు కూడా అబద్ధమే చెప్పాను. అవి ఎప్పటినుంచి లేవో నాకు తెలుసు. ఎవరి వల్ల లేవో కూడా తెలుసు.

మా ఊరికి తూర్పున కొండ. కొండ మొదట్లో ఒక కోన. రెండు పెద్ద బండల మధ్య నుంచి ఏడాది పొడుగునా నీళ్ళు ఊరి, కింద కళ్ళమంత మడుగులో పడేవి. మడుగు చుట్టూ మొగలి పొదలు, మద్దిచెట్లు, నీళ్ళ మీదికి వంగిన అడవిమామిడి కొమ్మలు. ఊరంతా ఎండకు మాడిపోయి, కుక్కలు కూడా అరుగుల కింద నుంచి కదలని రోజుల్లో సైతం కోనలో కాలుపెడితే చల్లగా తగిలేది. తడి బండ వాసన, కుళ్ళిన ఆకుల వాసన, వాటి మధ్య ఎక్కడినుంచో మొగలిపువ్వు వాసన. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ వాసన నా ముక్కుకు తగులుతుంది.

ఆ కోనలో ఉండేది నురగ కప్ప. పక్క కోనలో లేదు, కొండ అవతల లేదు, మా ఒక్క కోనలోనే ఉందని మా ఊళ్ళో వాళ్ళకు కాస్త గర్వం. మామూలు కప్పలాగా నేల మీద గెంతదు. చెట్టు మీదే బతుకుతుంది. రోహిణి కార్తెలో ఒక జల్లు పడిందంటే, మడుగు మీదికి వంగిన కొమ్మకు ఆకులు దగ్గరికి చేర్చి, వాటి మధ్య తెల్లగా నురగ పెడుతుంది. గుడ్లు ఆ నురగలోనే. అవి పిల్లలై టపటపా కింద నీళ్ళలోకి రాలి పడతాయి. చూడ్డానికి ఎవరో పాలు పితికి ఆ నురగను తీసి కొమ్మకు తగిలించినట్టు ఉంటుంది.

మా ఊరి రైతులకు ఆ నురగే పంచాంగం. నీళ్ళు ఎంత ఎత్తుకు వస్తాయో కప్పకు ముందే తెలుసని వాళ్ళ నమ్మకం. నురగ ఎత్తులో పెడితే వానలు బాగా పడతాయి, బుడ్డలు విత్తుకోవచ్చు. కిందికి పెడితే వాన అంతంతమాత్రమే, విత్తనం దాచుకుని జొన్నకో ఉలవకో ఆగాలి. వేరుశనగను మా వైపు బుడ్డలంటారు. ఆ విత్తనం ఒకసారి మట్టిలో వేసి వాన రాకపోతే ఆ ఏడు ఇల్లు మునిగినట్టే. అందుకని నురగ చూడ్డం ఆషామాషీ వ్యవహారం కాదు.

చూసే పని మా ఇంటిది. మా జేజిది. నాయన వాళ్ళ అమ్మను మేం జేజి అంటాం. ఆమె అత్తగారు ఆమెకు అప్పజెప్పిన పని అది. అయితే జేజికి కళ్ళలో పూలు వచ్చి చూపు మసకబారింది. అందుకని ఇంట్లో ఒక ఆడపిల్లను వెంట తీసుకుపోయేది. తలకు పోసుకుని, ఏమీ తినకుండా, పొద్దున్నే బయలుదేరాలి. చేతిలో ఎండిన జొన్నదంటు ఒకటి. మడుగులోకి దిగి, దంటును నీళ్ళ అంచున నిలబెట్టి, నురగ ఎంత ఎత్తున ఉందో అక్కడికి విరవాలి. నురగను తాకకూడదు, వేలితో చూపించకూడదు. విరిచిన దంటును ఇంటికి తెచ్చి విత్తనాల గది గుమ్మానికి కడితే, మా నాయనే కాదు, ఊళ్ళో పదిమంది రైతులు వచ్చి దాన్ని చూసి పోయేవాళ్ళు.

ఆ దంటు విరిచే పిల్లను నేను. వరసగా రెండేళ్ళు నేనే.

నాకు ఆ పని ఎంత గొప్పో మీకు చెప్పినా అర్థం కాదు. నాకు మూడేళ్ళప్పుడే అమ్మ పోయింది. నాయన మంచివాడే గాని మాట తక్కువ. పొలం నుంచి వచ్చి, సంగటి తిని, మంచం మీద వాలిపోయేవాడు. చిన్నాయనకు ఎప్పుడూ నవ్వులాటే, పొద్దున లేస్తే ఎవరినో ఒకరిని ఆటపట్టించకపోతే ఆయనకు తోచదు. నాకున్నదంతా జేజే. ఆమె కొంగు వాసన, ఆమె వక్కాకు వాసన, రాత్రి నా వీపు మీద ఆమె గరుకు చెయ్యి, ఇవన్నీ నావే అనుకునేదాన్ని. కోనకు పోయే పొద్దు మాత్రం ఊరంతా చూస్తుండగా ఆమె నా భుజం మీద చెయ్యివేసి నడిచేది. ఆ పొద్దు నేను నేల మీద నడిచేదాన్ని కాదు.

ఒక్కటే లోటు. నురగను చూశాను గాని, రెండేళ్ళలో కప్పను ఒక్కసారి కూడా చూడలేదు. అది ఆకు రంగులో కలిసిపోతుంది. ఎంత వెతికినా నాకు కనపడలేదు. బండ మీద కూర్చుని జేజి అడిగేది.

"కప్ప కనపడిందా బిడ్డా?"

"ఆఁ, కనపడింది జేజీ. పెద్దది" అనేదాన్ని. ఆమె సంతోషంగా చేతులు జోడించేది.

మూడో ఏడు ఎండాకాలంలో మా మేనత్త కూతురు వచ్చింది. అత్త ఊరు కమలాపురం దగ్గర పల్లె. అత్తకు నాలుగో కాన్పు కష్టమైంది. పెద్దపిల్లను కొన్నాళ్ళు ఉంచుకోమని పంపారు. రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని, బస్సు దిగి, దుమ్ము కొట్టుకుపోయి వచ్చింది. నాకన్నా ఆరు నెలలు పెద్దది. "వదినా అని పిలువు" అన్నాడు చిన్నాయన. ఆరు నెలలకే వదినా అని నాకు ఒళ్ళు మండింది.

ఆ పిల్ల చెడ్డదైతే నాకు బాగుండేది. చెడ్డది కాదు, అదే నా బాధ. పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చేది. అమ్మమ్మను నాలాగే జేజీ అని పిలిచేది. జేజి కాళ్ళు పిసికేది, అడగకుండానే. ఊరిబిండి పచ్చడి నూరమంటే రోటి దగ్గర కూర్చుని బుడ్డగింజలు మెత్తగా నూరేది. నేను నూరితే ఎప్పుడూ బరకగానే ఉండేది. జేజి సంగటి ముద్దలో గుంత చేసి నెయ్యి పోసి ఇద్దరికీ ఒకేలాగా పెట్టేది. నేను మాత్రం కళ్ళతోనే కొలిచేదాన్ని. దాని గుంత లోతు, నాది పలచన. దానికి రెండు చుక్కలు ఎక్కువ పడ్డాయి.

పడుకునేటప్పుడు జేజికి ఒకవైపు నేను, ఒకవైపు అది. జేజి ఎటు తిరిగి పడుకుంటుందోనని నాకు నిద్ర పట్టేది కాదు. దానివైపు తిరిగితే నేను దగ్గేదాన్ని. దగ్గి దగ్గి గొంతు నొప్పి పుట్టి, జేజి నావైపు తిరిగాక మానేసేదాన్ని.

బనగానపల్లె నుంచి మాకు తెలిసిన తోట ఆయన బండిలో మామిడికాయలు పంపేవాడు. విత్తనాల గదిలో వరిగడ్డి పరిచి మాగబెట్టేవాళ్ళు. ఇల్లంతా ఆ వాసన. పండు కోసినప్పుడు టెంక ఎప్పుడూ నాది. చీకి చీకి తెల్లగా చేసి, మొహమంతా రసం పూసుకుని తిరగడం నా హక్కు. ఆ ఏడు మొదటి పండు కోసి జేజి టెంక దాని చేతిలో పెట్టింది.

"మన ఇంటికి వచ్చిన పిల్ల గదా. మొదటిది దానికి" అంది.

నేను లేచిపోయాను. ఆ రోజు దాని పక్కగుడ్డలో బెల్లం నీళ్ళు పోశాను. చీమలు పట్టి ఆ పిల్ల లేచి కూర్చుంది. ఎవరు చేశారో తెలిసినట్టే నావైపు చూసింది, ఎవరికీ చెప్పలేదు. గుడ్డ విదిలించుకుని నేల మీద పడుకుంది. చెప్పి ఉంటే రెండు తిట్లు తిని నేను చల్లబడేదాన్ని. చెప్పకపోయేసరికి ఇంకా ఒళ్ళు మండింది.

అంతలో నాయన ఒక మాట అన్నాడు. "ఈ పిల్లను ఈడనే పెట్టుకుందాంలేమా. బావ ఆడపిల్లలను బడికి పంపడు. మన పిల్లతో పాటే ఇదీ చదువుకుంటాది."

జేజి మొహం వెలిగిపోయింది. ఆ పిల్ల మొహం చూడాలి! బడి అనేసరికి గిర్రున తిరిగి ఎగిరింది. నేను గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. కొన్నాళ్ళు అనుకుంటే, ఇక జీవితమంతానా? ఎట్లాగైనా దీన్ని పంపించాలని ఆ పూటే అనుకున్నాను. ఎట్లా పంపాలో మాత్రం తెలియలేదు.

రోహిణిలో ఒక జల్లు పడింది. నాలుగో పొద్దు జేజి జొన్నదంటు తీసింది. నేను అప్పటికే తలకు పోసుకుని సిద్ధంగా ఉన్నాను. ఎర్ర పావడా కట్టుకుని, జడకు ఆకుపచ్చ రిబ్బను వేసుకున్నాను. ఆత్మకూరు సంతలో జేజి కొనిచ్చిన రిబ్బను అది.

జేజి దంటును దాని చేతికిచ్చింది.

"ఈసారి వదిన వస్తాది. నువ్వు రెండేండ్లు చూసినావు గదా. దానికి గూడా చూపిస్తా" అంది, ఏదో మామూలు మాట లాగా.

నేను ఏడవలేదు. జేజి దాని భుజం మీద చెయ్యి వేసుకుని వీధిలో నడిచి పోతుంటే గుమ్మంలో నిలబడి చూశాను. దాని భుజం నా భుజం కన్నా ఎత్తు. జేజికి వీలుగా ఉంది.

రెండు జాముల పొద్దుకు వచ్చారు. దంటు దాని ఛాతీ దాకా ఉంది. అంత పొడుగు దంటు మా గుమ్మానికి నేనెప్పుడూ కట్టలేదు. నాయన దాన్ని చేత్తో పట్టుకుని చూసి, "శానా ఎత్తుకు పెట్టినాదే!" అని నవ్వాడు. నాయన నవ్వడం అరుదు.

అది చాలదన్నట్టు ఆ పిల్ల చెప్పడం మొదలుపెట్టింది. "కప్పను చూసినా మామా! నురగ పక్కనే ఉండాది. ఇంతే, నా బొటనవేలంత. ఆకును అంటుకోని కదలకుండా ఉండాది. వేళ్ళ చివర గుండ్రంగా గుండీలున్నట్టు ఉండాయి. కండ్లు పసుప్పచ్చగా... గొంతు ఇట్ల ఇట్ల కొట్టుకుంటాంది." గొంతు కింద వేళ్ళు ఆడించి చూపించింది.

"పెద్దది గదా?" అన్నాడు చిన్నాయన. "ఈ పిల్ల పెద్దది అని చెప్పిందే పోయినేడు, దోసెడంత!"

"ల్యా చిన్నమామా, శానా చిన్నది."

అందరూ నావైపు చూశారు. చిన్నాయన పగలబడి నవ్వాడు. జేజి నవ్వలేదు. మసక కళ్ళతో నావైపు తిరిగి, తల ఒకసారి ఊపింది. నా అబద్ధం ఆమెకు అప్పుడు తెలిసిపోయింది. ఆ పిల్ల కావాలని నన్ను ఇరికించలేదు. చూసింది చూసినట్టు చెప్పింది. అదే నాకు చాలింది.

మరుసటి రోజు మధ్యాహ్నం ఇంట్లో అందరూ పడుకున్నాక చిన్న కొడవలి తీసుకుని కోనకు పోయాను. కాళ్ళు కాలిపోతుంటే పరుగెత్తాను. కోనలో ఎవరూ లేరు. మూడు నురగలు మాత్రమే ఉన్నాయి. మొదటి ఏడు నేను తొమ్మిది లెక్కపెట్టాను. రెండేళ్ళ కరువుకు అన్నీ పోయి మూడు మిగిలాయి. మూడూ ఎత్తునే, నా ఛాతీకి సరిగ్గా.

మడుగులో దిగి, ఒక్కొక్క రెమ్మను నురగతో పాటు కోసి, కింద నీళ్ళకు జానెడు ఎత్తున ఉన్న కొమ్మలకు కట్టాను. కట్టడానికి ఏమీ తేలేదు. జడ రిబ్బను లాగి మూడు ముక్కలు చేశాను. ఆకుపచ్చది కదా, ఆకుల్లో కనపడదనుకున్నాను. నురగ నా చేతికి అంటుకుంది. జిగటగా, గోరువెచ్చగా ఉంది. వాసన ఏమీ లేదు.

మూడోది కట్టి తలెత్తితే కప్ప కనపడింది.

నేను నరికిన కొమ్మ మొదట్లో కూర్చుని ఉంది. ఆ పిల్ల చెప్పినట్టే బొటనవేలంత. వేళ్ళ చివర గుండీలు. గొంతు కొట్టుకుంటూనే ఉంది. నేను అంత దగ్గరున్నా దూకలేదు. మెల్లగా నాలుగడుగులు వేసి, నురగ ఉండిన చోటికి, ఇప్పుడు ఖాళీగా ఉన్న చోటికి వచ్చి, అక్కడే ఆగిపోయింది. రెండేళ్ళు వెతికితే కనపడని కప్ప అది. నాకు దాన్ని చూసిన సంతోషం లేకపోయింది. భయమేసి పరుగెత్తి వచ్చేశాను.

ఆ సాయంత్రం నాయన విత్తనాల బస్తా విప్పుతుంటే దగ్గరికి పోయాను.

"నాయనా, కలేకాయలకని కోనకు పోయింటి. నురగ కిందనే ఉండాది. జానెడే. వదిన తప్పు దంటు తెచ్చింది."

నాయన చెయ్యి ఆగిపోయింది. చిన్నాయనను పంపాడు. ఆయన బండ మీదినుంచే చూసి వచ్చాడు. "నిజమేనన్నా. నీళ్ళకు అంటుకున్నట్టే ఉండాది" అన్నాడు.

ఆ పిల్లను పిలిచారు. దాని మొహం తెల్లబోయింది. "నేను చూసినప్పుడు పైనుండాది మామా. ఒట్టు మామా. జేజీ, నువ్వు చెప్పు, నేను దంటు విరిచినప్పుడు నువ్వుండావు గదా!"

"నాకు కండ్లు యాడుండాయి బిడ్డా" అంది జేజి.

"నురగకప్ప నురగను నెత్తిన పెట్టుకోని దిగి వస్తాదా ఏంది?" అన్నాడు చిన్నాయన. ఈసారి నవ్వులాటగా అనలేదు.

నాయన కోపం వస్తే అరవడు. గొంతు తగ్గిస్తాడు. "ఊరంతా మన గుమ్మం చూసి విత్తుకుంటారు. కప్పను చూసినా, గుండీలు చూసినా అని కథలు చెప్పేదానికి కొలత చూసేదానికి తీరిక ల్యాకపాయె. విత్తనం కాడ అబద్ధమాడే పిల్ల ఈ ఇంట్లో వద్దు" అన్నాడు.

నేను అనుకున్నదే జరిగింది.

మరుసటి పొద్దున జేజి ఆ పిల్లను వెంటబెట్టుకుని మళ్ళీ కోనకు పోయింది. నేను వస్తానంటే వద్దంది. తిరిగి వచ్చాక అరుగు మీద కూర్చుంది. నాయన వచ్చి అడిగాడు.

"పిల్ల పొరపాటు చూసిందిలే నాయనా. ఎండ కండ్లకు కొట్టినట్టుండాది" అంది జేజి. అరుగు దిగుతూ, "అయినా నువ్వు బుడ్డలు విత్తు" అంది.

"నురగ కిందుంటే ఎట్ల విత్తాలమా?"

"నేను చెప్తాండా. విత్తు."

జేజి అట్లా అంటే మా ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పరు. ఆ పిల్ల స్తంభానికి ఆనుకుని నేల చూస్తూ నిలబడింది. పొరపాటు చూసిందిలే అని జేజి అన్నప్పుడు కూడా తలెత్తలేదు. మొదటి రోజు ఒట్లు పెట్టిన పిల్ల, ఆ పూట నోరు విప్పలేదు.

సాయంత్రం జేజి నాకు జడ వేస్తూ, "రిబ్బను యాడే?" అంది.

"పోయింది జేజీ. యాడ పడిందో."

ఆమె వేళ్ళు నా జుట్టులో ఆగాయి. మళ్ళీ కదిలాయి. నల్లదారంతో జడ వేసి ముడి పెట్టింది. గట్టిగా లాగింది, నొప్పి పుట్టింది. నేను కుయ్ అనలేదు.

రెండు రోజులకు చిన్నాయన ఆ పిల్లను బస్సెక్కించడానికి బయలుదేరాడు. జేజి దాని పెట్టెలో బొరుగులుండలు, నువ్వులుండలు పెట్టింది. అది పోతూ పోతూ నా దగ్గరికి వచ్చింది. "పోయొస్తా మే" అంది. నేను గుమ్మంలో ఉన్న రాయిని కాలితో గీకుతూ ఊఁ అన్నాను. ఆ రాత్రి జేజి పక్కన నేనొక్కదాన్నే. ఎటు తిరిగినా నావైపే తిరగాలి. ఆమె వెల్లకిలా పడుకుని దూలాలు చూస్తూ ఉండిపోయింది.

మృగశిర రాకముందే కుంభవృష్టి పడింది. మా బుడ్డలు అప్పటికే మట్టిలో ఉన్నాయి. ఆ ఏడు కాపు గురించి ఊళ్ళో చాలాకాలం చెప్పుకున్నారు. అన్నం తింటూ చిన్నాయన, "అయితే ఆ పిల్ల తెచ్చిన దంటే నిజమైందే!" అన్నాడు. "నోరు మూసుకోని తిను" అంది జేజి. చిన్నాయన ఎందుకన్నదో తెలియక నావైపు చూశాడు. నేను మజ్జిగ గ్లాసులో మొహం పెట్టేశాను.

మడుగు పొంగి నీళ్ళు నా ఛాతీ ఎత్తుకు వచ్చాయని, కోనకు పోయిన పశువుల కాపరులు చెప్పారు. కప్ప లెక్క తప్పలేదు. నేను కట్టిన మూడు నురగలూ ఎక్కడో కొట్టుకుపోయి ఉంటాయనుకున్నాను.

మరుసటి ఏడు జేజి నన్నే తీసుకుపోయింది. భుజం మీద చెయ్యి వేయలేదు, కర్ర పట్టుకుని నడిచింది. కొమ్మలన్నీ వెతికాను. ఒక్క నురగ లేదు. ఆ పై ఏడూ లేదు. "ఇంక జొన్నదంటుతో పనిల్యా" అంది జేజి. నన్ను ఏమీ అనలేదు. బండ మీద కూర్చుని, చెవి కోన వైపు పెట్టి, కాసేపు విని లేచింది. అంతే, మా ఇంటి గుమ్మానికి మళ్ళీ దంటు కట్టలేదు. తర్వాత ఎవరి ఊహ కొద్దీ వాళ్ళు విత్తుకున్నారు.

నేను హైస్కూలు దాకా చదివాను. టీచరునయ్యాను. వదినకు పద్నాలుగేళ్ళకే పెళ్ళి చేశారు. సంతకం పెట్టడం కూడా రాదు. పెళ్ళిళ్ళలో కనపడితే బాగున్నావా అంటే బాగున్నావా అనుకునేవాళ్ళం. నేనే పని కల్పించుకుని పక్కకు జరిగేదాన్ని.

కప్పల పిల్లలు వచ్చిపోయాక మాత్రం ఉండలేకపోయాను. మనవడిని కారు తీయమన్నాను. వదిన కమలాపురం దగ్గర కొడుకింట్లో ఉంది. మంచం మీద నుంచి లేవలేదు. కోడలు కాఫీ ఇచ్చి వంటింట్లోకి పోయాక, ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"వదినా, ఆ నురగను కిందికి కట్టింది నేనే."

"తెలుసు మే" అంది వదిన.

"ఎప్పుడు తెలిసింది?"

"ఆపొద్దే. జేజి మడుగులో దిగి, తడిమి తడిమి చూసింది. ఆకులు వాడిపోయి ఉండాయి. ముడి చేతికి తగిలింది. ఇదేం రంగే అని నన్నడిగింది. పచ్చ రిబ్బను జేజీ అన్నా. మూడు ముక్కలూ ఇప్పి రొండిన దోపుకునింది. నురగను మళ్ళా పైకి కట్టాలని చూసింది గాని, ఎండిపోయి చేతిలోనే రాలిపాయె. ఆ బండ మీద కూచ్చోని ఏడ్చింది మే జేజి. నేను జేజి ఏడ్వంగ చూసింది అదొక్కసారే."

వదినే మళ్ళీ అందుకుంది.

"నన్ను పక్కన కూచ్చోబెట్టుకోని చెప్పింది. 'బిడ్డా, నువ్వు పోతే నీకు అమ్మ ఉండాది. దానికి నేను తప్ప ఎవురుండారు? మీ మామకు తెలిస్తే దాన్ని జన్మలో నమ్మడు. నువ్వు ఓర్చుకో' అనింది. సరే అన్నా. పదేండ్ల పిల్లను, ఇంకేమంటా?"

"బడి పోయింది నీకు" అన్నాను.

"బడి పోతే పోయింది. కమలాపురం దాకా బస్సులో ఏడ్చినా. బడికని కాదు. నీకోసమని జేజి అబద్ధమాడె. అంత నిజాయితీ మనిషి, మీ నాయన ముందర నిలబడి ఆడె. నాకోసం ఈ బతుకులో ఎవురన్నా ఒక్క అబద్ధం ఆడినారా? మా అమ్మ ఆడలా. కట్టుకున్నోడు ఆడలా. నిన్ను తలుచుకుంటే కుళ్ళే నాకు. ఇప్పుడు గూడా కుళ్ళే."

ఆమె కాళ్ళ మీద పడాల్సిన మనిషిని నేను. ఒక పిల్ల చదువు పోగొట్టాను. ఆ కోనలో ఇంకెప్పుడూ కప్ప కూయకుండా చేశాను. అవన్నీ నాకు తెలుసు, తెలిసే వచ్చాను. కానీ దేవుడి మీద ఒట్టు, ఆ మాట వినగానే నాకు ముందు వచ్చింది సిగ్గు కాదు, సంతోషం. జేజి దాన్ని కాదని నన్ను ఎంచుకుంది. అంతా తెలిసి, రిబ్బను ముక్కలు రొండిన పెట్టుకుని, నన్నే ఎంచుకుంది. పదేళ్ళ పిల్లలాగా నా ఒళ్ళంతా పొంగిపోయింది. సిగ్గు ఆ తర్వాతే వచ్చింది.

అప్పటికే వదిన నా మొహం చూసేసింది.

"నువ్వేం మారల్యా మే" అని, చెయ్యి వెనక్కి తీసుకుని గోడవైపు తిరిగి పడుకుంది.